తెర వెనక నుంచి చూసినవాళ్ళు

ఓడ మీద

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు డెక్కు మీద మాకు టీ పోశారు. వేళ అంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. అప్పుడే నా గడియారాన్ని రంగూను కాలానికి జరుపుకుంటున్నాను. విశాఖపట్నంలో ఓడ ఎక్కి అది నాలుగో రోజు. సముద్రం నీలం పోయి మట్టిరంగుకు తిరిగింది. నది వచ్చేసిందని, ఇంక తిన్నది కడుపులో నిలుస్తుందని పక్కచాప మనిషి చెప్పాడు.

అతని పేరు అప్పన్న. కళింగపట్నం దగ్గర ఊరు. రంగూను రేవులో బియ్యం బస్తాలు మోసే జట్టుకు మేస్త్రి. నేను మూడు రోజులూ పుస్తకం చదువుకుంటూ కూర్చుంటే పలకరించలేదు. ఆ ఉదయం పలకరించాడు.

"తమరు ఉజ్జోగానికా బాబూ?"

"కాదు. మా తమ్ముడు అక్కడ పోయాడు. అతని పెట్టె తెచ్చుకోవడానికి."

"ఏటి పేరు?"

"సూర్యం. చిమిండైంగ్‌లో ఉండేవాడు."

అప్పన్న గ్లాసు కింద పెట్టాడు. "బయిస్కోపు సూర్యంబాబా?" అన్నాడు.

అసలు సంగతి చెప్పాలి. బయిస్కోపు బొమ్మలకు మాట ఉండదు. మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. అవి చదవలేని జనానికి తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్తాడు. మా తమ్ముడు రంగూనులో తెలుగువాళ్ళకు అలా కథ చెప్పేవాడు. రైసుమిల్లులో గుమాస్తా పని వదిలి అందులో చేరినప్పుడు నేను ఉత్తరం రాశాను. చదువుకున్నవాడివి, తెర పక్కన కేకలు వేసి బతకడమేమిటని. పద్యాలూ హాస్యాలూ కలిపి కథ చెప్తాడని విని అది మరీ నచ్చలేదు. నేను భీమిలిలో ఇంగ్లీషు మాస్టర్ని. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని పాతికేళ్ళుగా పిల్లలకు చెప్తున్నాను.

జవాబుగా అతను ఒక కార్డు రాశాడు. అందులో ఒకే వాక్యం. "అన్నయ్యా, ఒక్కసారి వచ్చి చూడు." నేను వెళ్ళలేదు. కిందటి వానాకాలంలో జ్వరంతో పోయాడు.

గౌరమ్మ పూటకూళ్ళిల్లు

రేవులో దిగగానే బర్మావాళ్ళు మమ్మల్ని చూసి "కోరంగీ" అన్నారు. మన తీరం నుంచి వచ్చినవాళ్ళందర్నీ, ఏ ఊరివాళ్ళైనా సరే, అలాగే అంటారు. నేను కోరంగి రేవు ఎప్పుడూ చూడలేదు. అప్పన్న కూడా చూడలేదట.

అతను నన్ను చిమిండైంగ్ పేటలో గౌరమ్మ ఇంటికి తీసుకెళ్ళాడు. గంజాం నుంచి వచ్చిన మనిషి. భర్త రేవులో పోయాక అన్నం వండి పెట్టి బతుకుతోంది. పూటకు రెండణాలు. అన్నం, ఎండు రొయ్యల పులుసు, వేయించిన మిరపకాయ. నేను ఫలానా అని చెప్పగానే ఆవిడ గరిటె పక్కన పెట్టి నా మొహం చూసింది.

"ముక్కు ఒకటే. నోరే నేదు నీకు. ఆడికి అంత నోరు, నీకేటి నేదు?"

"నాకు మాట్లాడడం అలవాటు తక్కువమ్మా."

"మరి పిలకాయలకి పాటాలెలా సెప్తావు? సైగలు సేత్తావా?"

తమ్ముడు ఆరేళ్ళు ఆవిడ చేతి అన్నమే తిన్నాడు. అతని పీట చూపించింది. నన్ను దాని మీద కూర్చోమనలేదు, నేనూ కూర్చోలేదు.

హాలు

మర్నాడు గురువారం. హాలు నది ఒడ్డున ఒక పెద్ద రేకుల షెడ్డు. ఒకవైపు నది, రెండోవైపు రైసుమిల్లు. హాలు యజమాని ఊ ట్వే. ఊ అంటే మన 'గారు' లాంటిది, పేరుకు ముందు పెడతారు. అరవై ఏళ్ళ మనిషి. సగం హిందూస్తానీ, సగం రేవు తెలుగు మాట్లాడతాడు. నన్ను 'సయా' అన్నాడు. మాస్టరుకు వాళ్ళ మాట అది.

తమ్ముడి పెట్టె తాళంచెవి నాకు ఇచ్చేటప్పుడు కుడిచేత్తో ఇస్తూ ఎడమచేతిని కుడి మోచేతికి ఆనించాడు. అక్కడ గౌరవంగా ఇవ్వడమంటే అదే. మనం ఎడమచెయ్యి ముందుకు రాకుండా చూసుకుంటాం. వాళ్ళు దానికి కూడా ఒక పని ఇచ్చారు.

పెట్టెలో బట్టలు, ఒక శాలువా, నేను రాసిన ఉత్తరాలు, నాలుగు నోటు పుస్తకాలు ఉన్నాయి. పుస్తకాల నిండా బయిస్కోపు కథలు తెలుగులో రాసుకున్నాడు. ఒక పుట తీశాను. "ఏటివైపు చెయ్యి ఎత్తాడు. మిల్లువైపు నుంచి గుర్రం వచ్చింది" అని ఉంది. ఎక్కడో అమెరికాలో జరిగే కథలో రంగూను ఏరూ మిల్లూ ఎందుకని విసుగు పుట్టింది. ఇలాంటి నగిషీలే నాకు గిట్టవు. పుస్తకం మూసేశాను.

ఊ ట్వే అప్పుడు తన కష్టం చెప్పాడు. సాయంత్రం మొదటి ఆట తెలుగువాళ్ళది, రెండోది బర్మావాళ్ళది. తమ్ముడు పోయాక చెప్పేవాడు లేక తెలుగువాళ్ళు రావడం మానేశారు. ఈ వారం వచ్చిన బొమ్మ ఇంగ్లండులో ఏదో చిన్న కంపెనీ తీసినది. పేరున్న నటుడు ఒక్కడూ లేడు.

"సయా, గుర్రాలు లేవు. కత్తులు లేవు. కొట్లాట లేదు. అంతా పొగమంచు. ఎవరు చూస్తారు? ఆదివారం దాకా వేస్తాను. జనం రాకపోతే తెలుగు ఆట తీసేసి రెండూ బర్మా ఆటలే వేస్తాను."

అప్పన్న నావైపు తిరిగాడు. "బాబూ, మూడు రోజులు తమరు సెప్పండి. తెల్లారి లేస్తే బస్తా, పొద్దుగూకితే బస్తా. మాకున్నదీ ఒక్కటే."

"నాకు పద్యాలు రావు అప్పన్నా."

"పద్దెం ఎవడడిగేడు? ఆ అచ్చరాలేటన్నాయో సెప్పండి సాలు."

పక్కన మిల్లు గుమాస్తా నారాయణ ఉన్నాడు. ఇంగ్లీషు వచ్చినవాడు. తమ్ముడి తర్వాత అతన్ని అడిగితే, సూర్యంగారిలా పాడడం చేతకాదని తప్పుకున్నాడట. నాకు మంగళవారం దాకా ఓడ లేదు. ఒప్పుకున్నాను.

శుక్రవారం

ఆటకు ముందు ఒక పని చూశాను. ఇద్దరు మనుషులు నిచ్చెనలెక్కి బాల్చీలతో తెర మీద నీళ్ళు పోశారు. గుడ్డ తడిస్తే వెలుతురు అవతలికి దిగుతుంది, అప్పుడు తెర వెనక కూర్చున్నవాళ్ళకు కూడా బొమ్మ కనిపిస్తుంది. ముందు బెంచీలకు నాలుగణాలు. వెనక నేల మీద ఒక అణా. ముందు గుమాస్తాలు, మేస్త్రీలు, కొందరు బర్మావాళ్ళు. రేవుకూలీలూ ఆడవాళ్ళూ దాదాపు అందరూ వెనకే, అప్పన్న కూడా తన జట్టుతో అక్కడే. నేను తెర అంచున, ముందువైపు నిలబడ్డాను.

కథ చిన్నది. ఇంగ్లండులో ఒక ఏటి రేవు. మూడు రోజులుగా మంచు. రేవులో కట్టిన పడవలో ఒక ప్రయాణికుడు నిద్రపోతుంటాడు. మంచులోంచి ఒక చెయ్యి వస్తుంది. ఏ చెయ్యో తెలియదు. తాడు కోస్తుంది. పడవ కొట్టుకుపోయి స్టీమరు కింద పడుతుంది. కోసినవాడు ఎవడు? పడవవాడా, టీ కొట్టు ఆవిడా, రేవు గుమాస్తానా, ఇంకెవరైనానా? ఇంతే. సగంసేపు తెర మీద మంచూ, ఒక లాంతరూ తప్ప ఏమీ లేవు.

జనం తక్కువే వచ్చారు. మొదట్లో దగ్గులు వినిపించాయి. తాడు కోసే చోట అవి ఆగిపోయాయి. తెర వెనక నుంచి ఎవరో నిట్టూర్చి, "ఆ ముడి పడవోడు ఏసింది కాదురా" అన్నారు. ఇంకొకరు "నోర్ముయ్, సూడనీ" అన్నారు. వాళ్ళు రోజూ చేసే పని తెర మీద ఉంది. తాడు, ముడి, పోటు, లాంతరు. నేను ఎక్కువ చెప్పలేదు. అక్షరాలు పడ్డప్పుడు చెప్పి, మిగతాసేపు ఊరుకున్నాను.

పోలీసు అధికారి తాడు తెగిన కొస చూసి ఒక మాట అంటాడు. అది చదివి చెప్పాను. "తాడు కోసినవాడు ఎడమచేతివాటం వాడు."

చివర అందరూ టీ కొట్టులో కూర్చుంటారు. తలా కప్పు తీస్తారు. గుమాస్తా మాత్రం చేతులు జేబుల్లోంచి తియ్యడు. బల్ల మీంచి ఒక కప్పు జారుతుంది. అతను చటుక్కున చెయ్యి చాచి పట్టుకుంటాడు. ఎడమచెయ్యి. పోలీసు లేస్తాడు.

ముందు బెంచీల్లో చప్పట్లు. తెర వెనక నుంచి అరుపులు.

"అన్నాయం! అన్నాయం!"

"కుడిసేతోణ్ణి అట్టుకుపోతన్నారు!"

తెర ఊగింది. ఎవరో కొబ్బరిచిప్ప విసిరారు, అది నా భుజానికి తగిలింది. ముందువాళ్ళు, "కళ్ళు లేవేంట్రా మీకు" అని తిట్టారు. ఊ ట్వే దీపాలు వేయించి అందర్నీ బయటికి పంపాడు. "సయా, రేపు కూడా ఇదే అయితే ఆదివారం దాకా ఆగను" అన్నాడు.

నాకు ఏమీ అర్థం కాలేదు.

తెర వెనక

శనివారం పొద్దున్న గౌరమ్మ అన్నం వడ్డించకముందే అందుకుంది.

"ఏటి మేస్టారూ, ఆ పోలీసోడికి కల్లు కానరావేటి? ఆ ఊరోల్లు అందరికందరూ ఎడం సేతోల్లు. పడవోడు ఎడం సెయ్యి. కొట్టుగలావిడ ఎడం సెయ్యి. ఆకరికి ఆ పోలీసోడూ ఎడం సేత్తోనే రాసినాడు. ఆ గుమస్తా ఒక్కడే కుడి సెయ్యి. ఎడం సేతోడు కోసీసినాడని నువ్వే సెప్తివి. ఊరంతా కూడబలుక్కుని ఆ ఒక్కణ్ణీ ఇరికించీసినారు."

"అందరూ ఎడమచేతి వాళ్ళెలా అవుతారమ్మా?"

"ఇంగిలీసోల్లు బయిస్కోపులో ఎప్పుడూ అంతే కదా. ఎడం సేత్తోనే తింతారు, ఎడం సేత్తోనే రాత్తారు. ఛీ అనుకుంతాం గానీ ఆల్ల దేశం ఆల్లిష్టం."

"మరి రేవులో దొరలు కుడిచేత్తో రాయడం చూశారు కదా?"

అప్పన్న నవ్వాడు. "మన దగ్గర సిగ్గుపడి మార్సుకుంతారనుకున్నాం బాబూ."

నేను అన్నం తినకుండానే లేచి హాలుకు వెళ్ళాను. మిషను మనిషి యంత్రం సరిచూస్తున్నాడు. ఒక బాల్చీ నీళ్ళు పోయించి, కాస్త బొమ్మ వెయ్యమని, మొదటిసారి తెర వెనక్కి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. టీ కొట్టు కనిపించింది. తలుపు ఉండవలసినవైపు కిటికీ ఉంది. పడవవాడు ఎడమచేత్తో కప్పు ఎత్తాడు. అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అద్దంలో చూసినట్టు అంతా తారుమారు.

అక్షరాలు చదవలేని వాళ్ళకు అది తిరగబడ్డదని ఎవరు చెప్పాలి? ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఒక్కడికి మాత్రం తెలుసు. హాల్లోనే ఉన్న పెట్టెలోంచి తమ్ముడి పుస్తకాలు తీసి మళ్ళీ చదివాను. నాలుగు పుస్తకాల్లోనూ కుడి అనే మాట ఒక్కచోట కూడా లేదు. ఎడమ అనే మాటా లేదు. అన్నిచోట్లా ఏటివైపు, మిల్లువైపు. ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా ఏరు ఉన్నవైపే ఉంటుంది, మిల్లు ఉన్నవైపే ఉంటుంది. నేను నగిషీ అనుకున్నది లెక్క. ఒక అణా ఇచ్చి వెనక కూర్చున్న మనిషి మోసపోకుండా ప్రతి వాక్యమూ సరిచూసుకున్నాడు.

ఆ పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని ఈ వారం కథ అతని మాటల్లో చెప్పి చూసుకున్నాను.

కాని ఏరూ మిల్లూ ఈ కథకు సరిపోవు. మనిషి ఇటు తిరిగితే చెయ్యి ఏటివైపు, అటు తిరిగితే మిల్లువైపు. వాటం చెప్పడానికి వేరే మాట కావాలి. మధ్యాహ్నమంతా వెతికాను. నారాయణ పక్కన కూర్చుని రెండు మూడు చెప్పాడు, నేను రెండు మూడు చెప్పాను, అన్నీ కొట్టేశాం. ఐదు గంటలకు రేవు కూత వేసేసరికి ఒకటి మిగిలింది.

శనివారం ఆట

నిన్నటి గొడవ రేవంతా పాకింది. కుడిచేతివాడికి అన్యాయం జరిగిందని వెనకవాళ్ళు, వాళ్ళకు కళ్ళు లేవని ముందువాళ్ళు, బస్తాలు మోస్తూ రోజంతా తగువులాడుకున్నారట. తగువు తేల్చుకోవడానికి నిన్నటికి రెట్టింపు మంది వచ్చారు.

పోలీసు తాడు కొస ఎత్తి చూశాడు. అక్షరాలు పడ్డాయి. నేను చెప్పాను.

"తాడు కోసినవాడు అందరూ వాడే చెయ్యి వాడడు. రెండోది వాడతాడు."

అంతే చెప్పి ఊరుకున్నాను. ఒక్క క్షణం తర్వాత తెర రెండువైపులా తలలు కదిలాయి. ప్రతివాడూ తెర మీద చేతులు చూడడం మొదలుపెట్టాడు. పడవవాడు తెడ్డు ఎత్తితే, "అందరి సెయ్యే" అని వెనక నుంచి వినిపించింది. కొట్టు ఆవిడ కెటిలు ఎత్తితే, "అందరి చెయ్యే" అని ముందు నుంచి. గుమాస్తా జేబులు చూసి గౌరమ్మ గొంతు, "తియ్యడేటి? సేతులు తియ్యడేటి ఈడు?"

కప్పు జారింది. అతను పట్టుకున్నాడు.

అలాంటి శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. తెరకు రెండువైపుల నుంచి ఒకేసారి లేచింది. రేకులు అదిరాయి. "ఈడే! ఈడే!" ముందువాళ్ళు బెంచీలెక్కారు. వెనకవాళ్ళు తడిగుడ్డ మీద అరచేతులతో కొట్టారు, ఆ చేతులు గుమాస్తా మొహం మీద నల్లగా కనిపించాయి. పోలీసు అతన్ని తీసుకుపోతుంటే దారి పొడుగునా సాగనంపారు. దీపాలు వేశాక ఎవరూ కదలలేదు. మళ్ళీ వెయ్యమన్నారు. ఊ ట్వే బర్మా ఆట టైమైందన్నాడు. బర్మా ఆటకు వచ్చి బయట నిలబడినవాళ్ళు కూడా, ఈ గోల ఏ బొమ్మకో అదే కావాలన్నారు.

ఆదివారం

ఆదివారం రేవుకు సెలవు. మూడు గంటలకే తాకేటా అనే పేట నుంచి పడవల్లో మనుషులు దిగారు. ఎడమచేత్తో కప్పు పట్టుకునే గుమాస్తా ఆట అప్పటికే అందరి నోటా ఉంది. కొబ్బరిచిప్పలు జారవిడిచి పట్టుకుంటూ వరసలో నవ్వుకుంటున్నారు. చుట్ట కాలుస్తూ ఒక బర్మా ముసలావిడ, చెంపల మీద గంధంలాంటి పూతతో, నన్ను చూపించి పక్కావిడకు ఏదో చెప్పింది. ఇద్దరూ ఎడమచేతులు ఎత్తి చూపించారు.

వెనక నుంచి చూస్తే బొమ్మ తిరగబడి కనిపిస్తుందని ఆ పొద్దున్న అన్నం దగ్గర చెప్పాను. ఆటకు ముందు గౌరమ్మ ఊ ట్వే ముందు నిలబడింది.

"ఊ ట్వే, నాను ఈయేల ముందు కూకుంతాను. ఆల్ల సేతులు నిజంగా ఏవో సూడాల."

"నాలుగణాలు."

"ఇరవై ఏల్ల బట్టీ తిరగేసిన బొమ్మ సూపించి అణాలు అట్టుకున్నావు. ఆటిలో మినాయించుకో."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఊ ట్వే కూడా నవ్వాపుకోలేకపోయాడు. వెనకవాళ్ళు ముందుకు, ముందువాళ్ళు వెనక్కి అని ఆ ఒక్క ఆటకు తీర్మానమైంది. నాలుగణాల వాళ్ళు వెనక నేల మీద కూర్చోవడానికి తోసుకోవడం చూశాను.

ఆదివారం ఆట నారాయణ చెప్పాడు. నేనే చెప్పమన్నాను. పద్యాలు అక్కర్లేదని శనివారం అతను చూశాడు. మొదట తడబడ్డాడు, తాడు తెగేసరికి సర్దుకున్నాడు. నేను గౌరమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. పడవవాడు కుడిచేత్తో కప్పు ఎత్తగానే ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"మనలాగే తింతన్నారు మేస్టారూ," అంది.

కప్పు పట్టుకున్నప్పుడు హాలు మళ్ళీ అదిరింది. ఆట అయ్యాక కూలీలు నారాయణను ఎత్తుకుని నది దాకా తీసుకెళ్ళారు. ఊ ట్వే నా దగ్గరికి వచ్చి, తెలుగు ఆట ఉంటుందని, కంపెనీకి తంతి కొట్టి ఈ బొమ్మే ఇంకో వారం అట్టేపెట్టుకుంటానని చెప్పాడు. ఆ తొక్కిసలాటలో గుమ్మం దగ్గర వదిలిన నా చెప్పులు పోయాయి.

ఒక్కసారి వచ్చి చూడమన్నాడు తమ్ముడు. చూశాను.

పబేడాన్

సోమవారం వట్టికాళ్ళతో పబేడాన్ బజారుకు వెళ్ళి మఖమలు పట్టీ ఉన్న బర్మా చెప్పులు కొన్నాను. రూపాయి చెప్తే పన్నెండణాలకు ఇచ్చాడు. కొట్టతను మనవాడే, ఇచ్ఛాపురం. చెప్పులు కాగితంలో చుడుతూ, "ఆ గుమస్తాని ఉరి తీసేరా, ఒగ్గీసేరా?" అని అడిగాడు. బొమ్మలో అది లేదన్నాను. "ఉరి తీసే ఉంతారు" అన్నాడు.

సాయంత్రం అప్పన్న నన్ను నది ఒడ్డున తమ్ముణ్ణి దహనం చేసిన చోటుకు తీసుకెళ్ళాడు. అక్కడ చూడడానికి ఏమీ లేదు. కొంచెంసేపు నిలబడి వచ్చాం.

తిరిగి వచ్చాక

నోటు పుస్తకాలు నాలుగూ నారాయణ దగ్గరే వదిలి వచ్చాను. అవి అక్కడ పనికొస్తాయి. శాలువా నేను కప్పుకుంటున్నాను.

కిందటి నెల నారాయణ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తెలుగు ఆట బాగా నడుస్తోంది. ఆ ఆదివారం ముందు కూర్చున్నవాళ్ళు ఎవరూ మళ్ళీ వెనక్కి వెళ్ళడానికి ఒప్పుకోలేదట. గౌరమ్మ అయితే బెంచీ మీద పీట వేసుకుని కూర్చుందట, ఏ పీటో రాయలేదు. ఊ ట్వే వారం రోజులు అరిచి, చివరికి తెరను వెనక గోడకు జరిపించి, అణా వాళ్ళకు ముందే, బెంచీల ముందు నేల మీద చోటు ఇచ్చాడు.

ఇప్పుడు అక్కడ ఆటకు ముందు తెర తడపడం లేదు.